జనం వస్తారు, ఓటు రాదు: కొందరు నాయకులకే ఓటరు ఎలా దగ్గరవుతాడు?

తూర్పుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లోతు తెలిసినవాళ్ల మాట వినాలని అడుగుతున్నాను. చదువుంది, అవినీతి మచ్చ లేదు, గంటసేపు తడుముకోకుండా మాట్లాడతాడు, అయినా డిపాజిట్ దక్కని అభ్యర్థి ప్రతి ఎన్నికలోనూ ఒకడు కనిపిస్తాడు. ఇంకొకాయనకి మైకిస్తే నాలుగు ముక్కలు కుదురుగా రావు. ఊళ్లోకి వస్తే మాత్రం అరుగు మీద ముసలమ్మలు కూడా లేచి ఎదురొస్తారు. "అది పుట్టుకతో రావాలండీ" అని తేల్చేస్తారు మనవాళ్లు. నిజంగా అంతేనా?

నా అయోమయమంతా ఒక పోలిక దగ్గర. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 2009లో చిరంజీవి సభలకీ ఇసకేస్తే రాలనంత జనం వచ్చారు, సీట్లు మాత్రం 18. సినిమా ఆకర్షణే కారణమైతే ఇద్దరికీ ఒకేలా పనిచెయ్యాలి కదా?

రెండోది. సర్పంచిగానో ఎంపీటీసీగానో నిలబడదామనుకునే కుర్రాళ్లు ఇందులోంచి నేర్చుకోదగ్గది ఏమన్నా ఉందా? ఉంటే ఏ పని ఎలా చెయ్యాలో చెప్పండి. "జనంలో ఉండాలి" అన్న జవాబు మాత్రం వద్దు, అది ఎలాగూ అందరూ చెప్పేదే.

కృష్ణలంక

ఎన్టీఆర్, చిరంజీవి సంగతి ముందు తేల్చుకుందాం, మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

1982 నాటికి రాష్ట్రంలో ఒక ఖాళీ ఏర్పడింది. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్లు తిరక్కుండా నలుగుర్ని ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ అంజయ్యని అందరి ముందూ చిన్నబుచ్చిన సంగతి ఊరూరా పాకింది. జనంలో కోపం ఉంది, ఆ కోపానికి పేరు లేదు. మార్చి 29న పార్టీ ప్రకటించిన ఎన్టీఆర్ దానికి పేరు పెట్టారు: తెలుగువారి ఆత్మగౌరవం. రెండు మాటలు. బడి మొహం చూడనివాడికి కూడా అవి ఎవరి గురించో, ఎందుకో వెంటనే తెలిసిపోయింది.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. పాత షెవర్లే వ్యానుని చైతన్యరథంగా మార్పించారు, కొడుకు హరికృష్ణ నడిపారు. ఖాకీ బట్టలేసుకుని, రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసి హారతులిచ్చిన మనిషి ఊరి బోరింగు దగ్గర ఒళ్లు తోముకుంటుంటే జనానికి ఏమనిపిస్తుంది? ఎంతో ఎత్తున ఉన్నవాడు మనకోసం దిగొచ్చాడనిపిస్తుంది. ఉన్న ఎత్తులోనే ఉండి చెయ్యి ఊపితే ఆ భావం కలగదు. ఆడవాళ్లని "ఆడపడుచులు" అన్నారు. ఆ ఒక్క పిలుపుతో ఆయన ప్రతి ఇంటికీ అన్న అయిపోయారు. చేతికి తగిలే హామీగా కిలో రెండు రూపాయల బియ్యం. అభ్యర్థుల్లో చాలామంది రాజకీయాలకి కొత్తవాళ్లు, చదువుకున్న కుర్రాళ్లు, అంతవరకు టికెట్ మొహం చూడని బీసీలు. జనవరి 5న పోలింగ్ జరిగితే 294లో 200కి పైగా సీట్లొచ్చాయి.

ఇక 2009. చిరంజీవి 2008 ఆగస్టు 26న తిరుపతిలో పార్టీ ప్రకటించారు, జనం పోటెత్తారు. కానీ అప్పుడు ఖాళీ ఎక్కడుంది? ప్రభుత్వం వైపు ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ ఉన్నాయి. ప్రభుత్వం మీద కోపమున్నవాళ్లకి తెలుగుదేశం మహాకూటమి అప్పటికే సిద్ధంగా ఉంది. మూడోవాడికి మిగిలింది అభిమానం ఒక్కటే. ఓట్లు 16 శాతం దాకా వచ్చాయి. తక్కువేం కాదు. రాష్ట్రమంతా పలచగా పరుచుకోవడంతో ముక్కోణపు పోటీలో అవి సీట్లుగా మారలేదు. ఆయనే తిరుపతిలో గెలిచి, సొంత ప్రాంతమైన పాలకొల్లులో ఓడిపోయారు.

పవన్ కల్యాణ్ సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. 2019లో భీమవరం, గాజువాక రెండూ పోయాయి, పార్టీకి ఒక్క రాజోలు దక్కింది. 2024లో పొత్తులో 21 చోట్ల పోటీచేసి 21 గెలిచారు. మనిషి అతనే, గొంతు అదే, అభిమానులూ వాళ్లే. లెక్క మారింది.

అందుకని పుట్టుకతో వచ్చే గుణం ఏదన్నా ఉంటే, జనం మనసులో ఏ కోపం, ఏ ఆశ మాట దొరక్క తిరుగుతోందో పసిగట్టడం అని నా అభిప్రాయం. ఊరి స్థాయిలోనూ అంతే. ఊళ్లో అందరూ గొణుక్కునే విషయం ఒకటుంటుంది: శ్మశానానికి దారి, తాగునీటి ట్యాంకు, రేషన్ డీలరు తూకం. దాన్ని పదిమందిలో మొదట పలికినవాడు సగం దూరం నడిచేసినట్టే.

ఎర్రనేల

కృష్ణలంక అన్న చెప్పింది సరే. అయితే ఖాళీ ఉన్నప్పుడు కూడా జనం ఒకర్ని నమ్మి ఇంకొకర్ని నమ్మరు. ఆ తేడా ఎక్కడ వస్తుందో రాజశేఖరరెడ్డి పాదయాత్రలో కనపడుతుంది.

2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో మొదలుపెట్టి జూన్ 15న ఇచ్ఛాపురంలో ముగించినారు. దగ్గర దగ్గర 1,500 కిలోమీటర్లు. నట్టెండాకాలం, అంతకుముందు వరస కరువు. రాజమండ్రి దగ్గర జబ్బుపడి కొన్ని రోజులు ఆగాల్సొచ్చింది కూడా. అప్పటికే ఆయన పాతికేళ్ల రాజకీయం చూసిన మనిషి. జనం ఆయన్ని కొత్తగా చూసింది మాత్రం ఆ ఎండలోనే.

నడక ఎందుకు పనిచేస్తుందో చెప్తా. కారు మీద వచ్చే నాయకుడు జనం తలలకంటే ఎత్తులో ఉంటాడు, అర నిమిషంలో దాటిపోతాడు. నడిచేవాడు మనిషి ఎత్తులోనే ఉంటాడు, గంటకు నాలుగైదు కిలోమీటర్లే పోతాడు. పక్కన చేరిన రైతు పావుగంట కలిసి నడవొచ్చు. "పంట ఎట్లుందన్నా?" అని మొదటి ప్రశ్న ఎవరైనా అడుగుతారు. రైతు బోరు ఎండిందన్నప్పుడు "ఎన్ని అడుగులు దించినావు? మోటారు ఎంత హెచ్‌పీ? బిల్లు బాకీ ఎంతుంది?" అని రెండో ప్రశ్న పడాలి. దాన్నిబట్టే రైతు తేల్చుకుంటాడు, ఎదుటాయనకు సేద్యం తెలుసా, ఊరికే పలకరిస్తున్నాడా అని. ఉచిత కరెంటు హామీ ఆ రెండో ప్రశ్నకు జవాబుగా వచ్చింది కాబట్టే నాటుకుంది. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసి అదే వేదిక మీద ఆ ఫైలు మీద సంతకం పెట్టినారు. హామీకి, సంతకానికి మధ్య కాలం ఎంత తక్కువుంటే నమ్మకం అంత గట్టిపడుతుంది.

ఇంకొక లెక్క చూడండి. ఆ పాదయాత్ర రోజుకు 20 కిలోమీటర్ల పైనే సాగింది. జగన్ 2017 నవంబరు 6 నుంచి 2019 జనవరి 9 దాకా 341 రోజులు, 3,648 కిలోమీటర్లు నడిచినారు. అంటే రోజుకు 11 కూడా లేదు. మధ్యలో చంద్రబాబు 2012 అక్టోబరు 2న హిందూపురంలో మొదలుపెట్టి 2013 ఏప్రిల్ దాకా సుమారు 2,800 కిలోమీటర్లు నడిచినారు, అరవై దాటిన వయసులో. ముగ్గురూ తర్వాతి ఎన్నికల్లో గెలిచినారు. దూరం చూసి లెక్కేస్తారు గానీ, ఓటు తెచ్చేది ఎన్నిచోట్ల ఆగినారన్నది. రోజుకు పది కిలోమీటర్లు పెట్టుకుంటే ఊరూరా నిలబడి మాట్లాడేదానికి టైముంటుంది. ఇరవై పెట్టుకుంటే సాయంత్రానికి కాళ్ల మీదే ధ్యాస. మండలంలో పాదయాత్ర చేసే కుర్రాళ్లు చేసే తప్పు ఇదే. ఫోన్‌లో అడుగుల లెక్క చూసుకుంటూ మూడు ఊర్లు దాటేస్తారు, ఒక్క ఇంట్లో మంచినీళ్లు తాగరు.

ఇక పరామర్శ. మా సీమలో దీనికున్న బలం ఇంకదేనికీ లేదు. సావు జరిగిన ఇంటికి పెద్దకర్మ లోపల పోవాలి, వీలైతే మూడో రోజుకే. బండ్లు వీధి మొదట్లోనే ఆపాలి. వెంట ఇద్దరు ముగ్గురు మించకూడదు, పదిమందితో పోతే ఆ ఇంటోళ్లు కుర్చీలకు, టీలకు పరిగెత్తాల్సొస్తుంది. కుర్చీ తెచ్చినా వాళ్లు కూర్చున్న చాప మీదే కూర్చోవాల. కాసేపు ఏమీ మాట్లాడకూడదు. ఆ నిశ్శబ్దం భరించలేకే చాలామంది అక్కరలేని మాటలు మాట్లాడతారు. తర్వాత పోయినాయన్ను పేరు పెట్టి తలుచుకుని, చివరి రోజుల్లో ఎట్లుండె అని అడగాల. వాళ్లు చెప్పుకోనీ. లేచేటప్పుడు మెల్లగా పనికొచ్చే సంగతి అడగాల: మరణం నమోదైందా, పింఛను ఎవరి పేరున ఉండె, సంఘంలో అప్పుందా, ఇన్సూరెన్సు కాగితం ఉందా అని. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఫీజు లేదు, దాటితే తిరగాల. ఆ సర్టిఫికెట్ తెచ్చి వాళ్ల చేతిలో పెట్టిన మనిషిని ఆ ఇల్లు పదేళ్లు మరిచిపోదు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. అక్కడ ఫోటో తీయించొద్దు. ఆ ఫోటో వాట్సాప్‌లో పెట్టిన నిమిషమే ఆ పరామర్శ అంతా ప్రచారమైపోతుంది.

మంజీర ఒడ్డు

అన్నలు మంచిగ చెప్పిండ్రు. నేను మాట సంగతి చెప్త.

మంచిగ మాట్లాడుడంటే గడగడ మాట్లాడుడు అనుకుంటరు. కాదు. తెలంగాణల శానా ఏండ్లు సభల మీద పుస్తకాల భాషే నడిచింది. మన యాస సినిమాల రౌడీకో, నవ్వులాట పాత్రకో ఇచ్చేటోళ్లు. కేసీఆర్ 2001ల పార్టీ పెట్టినంక ఇంట్ల మాట్లాడే మాటనే లక్షల మంది ముందట మాట్లాడిండు. సామెత చెప్తడు, ప్రశ్న ఏస్తడు, ఆగుతడు, జనమే జవాబు చెప్పేదాంక సూస్తడు. నీళ్ల లెక్క టీఎంసీలల్ల మొదలువెట్టి "మన చెరువు నిండుతదా నిండదా" అన్న కాడికి తెస్తడు. ఇనేటోనికి తన నాలుకకే గౌరవం దొరికినట్టు అయితది. ఎన్టీఆర్ గ్రాంథికం కలిపి మాట్లాడినా జనం ఇన్నరు, ఎందుకంటే ఆయనకు అది సహజం. నీది కాని గొంతు తెచ్చుకుంటే మాత్రం రెండో నిమిషంల దొరికిపోతవ్. మా దిక్కు పిలగాండ్లు కేసీఆర్ లెక్క, రేవంత్ లెక్క మాట్లాడబోయి నవ్వులపాలైతున్నరు. నీ అమ్మతోని ఎట్ల మాట్లాడుతవో గట్లనే మాట్లాడు.

ఊళ్లె మాట్లాడుడు ఏడు నిమిషాలు దాటొద్దు. మొదటి నిమిషంల ఆ ఊరి పేరు, చెరువు పేరు, వాడకట్టు పేరు నీ నోట్లకెళ్లి రావాలె, తప్పు లేకుంట. పక్క ఊరి పేరు చెప్తే అంతే సంగతులు, మిగతాది ఎవ్వరు ఇనరు. తర్వాత రెండు నిమిషాలు ఒక్కటే బాధ. నాలుగు బాధలు చెప్తే ఒక్కటి యాదుండదు. బాధను ఒక మనిషికి అయినట్టు చెప్పాలె. "మౌలిక వసతుల లేమి" అంటే ఎవ్వరికి తల్గదు. "అంగన్‌వాడికి పోవాలంటే మూడేండ్ల పోరగాడు మోరి దుంకాలె" అంటే ప్రతి తల్లికి తల్గుతది. ఆ తర్వాత ఏం జేస్తవో, ఏ నెల లోపట జేస్తవో, పైసలు యాడికెళ్లి వస్తయో చెప్పాలె. పైసల సంగతి చెప్పని హామీని ఇప్పుడు ముసలోళ్లు కూడ నమ్ముతలేరు. ఎదుటోన్ని తిట్టుడు వద్దు. ఊళ్లె ఆయనకు బామ్మర్దులుంటరు, సడ్డకులుంటరు, నీ ఓటర్లల్లనే సగం మంది ఆయనకు సుట్టాలు.

టైము సూసుకోవాలె. ఉపాధి పనికి పొద్దుగాల పోయినోళ్లు మధ్యాహ్నం దాంక రారు, నాట్ల కాలమైతే పొద్దుగూకే దాంక దొరకరు. పదకొండు గంటలకు మీటింగ్ పెట్టి "ఆడోళ్లు రాలే" అంటే తప్పెవరిది? సాయంత్రం ఏడు తర్వాత పెట్టు. రాత్రి పది దాటితే మైకు బందు, అది చట్టం. హారన్ మైకు ఇండ్ల నడుమ పెట్టినప్పుడు గోడలకు కొట్టి మాట తిరిగొస్తది. వాక్యం వాక్యానికి నడుమ ఆగకుంటే ఒక్క ముక్క అర్థం గాదు. పది గజాల దూరంల ఒకల్ని నిలబెట్టి ఇనవడుతుందా అని ముందుగాల అడిగి సూసుకో.

మాట ఎంత గొప్పదైనా ఊరి బాధను గెలువదు అనేటందుకు కామారెడ్డి కంటే పెద్ద సాక్ష్యం లేదు. 2023ల అక్కడ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నిలబడ్డడు, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ నిలబడ్డడు. మాట తోని జనాన్ని కట్టేసేటోళ్లే ఇద్దరు. గెలిచింది బీజేపీ కాటిపల్లి వెంకటరమణారెడ్డి, స్థానికుడు. ఆ ఏడాది మొదట్ల పట్టణ మాస్టర్ ప్లాన్‌ల భూములు పోతయని రైతులు రోడ్డెక్కిండ్రు. ఆ గొడవ నడుస్తున్నప్పుడు ఎవరు పక్కన నిలబడ్డరో జనం యాదికి పెట్టుకున్నరు.

ఫారం ఇరవై

పైవన్నీ ఒప్పుకుంటూనే ఒక లెక్క వేసి చూపిస్తాను. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కి చట్టం చెప్పే కనీస వ్యవధి 14 రోజులు. చివరి 48 గంటలు ప్రచారం ఉండదు. మిగిలింది 12 రోజులు అనుకోండి, రోజుకి 12 గంటలు తిరిగారనుకోండి. మొత్తం 144 గంటలు. రెండు లక్షల పాతిక వేల ఓట్ల అసెంబ్లీ నియోజకవర్గంలో, ఇంటికి మూడున్నర ఓట్ల చొప్పున, 64 వేల ఇళ్లుంటాయి. భాగించి చూడండి: ఇంటికి 8 సెకన్లు, నడకతో కలిపి. ఎంత జన్మతః ప్రతిభ ఉన్నా 8 సెకన్లలో చేసేదేం లేదు. అందుకే ఎమ్మెల్యే స్థాయిలో "ఆయనకి జనాకర్షణ ఉంది" అని మనం చెప్పుకునేదాంట్లో ఎక్కువ భాగం ముందరి ఐదేళ్లలో పెళ్లిళ్లలో, చావుల్లో, ఆసుపత్రి వరండాల్లో కూడబెట్టినదే. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచింది డబ్బుతో కాదు, వేదికల మీద ఉపన్యాసాలతో కాదు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ఆయన్ని ఎవరైనా ఎప్పుడైనా కలవగలిగేవారు.

సర్పంచి ఎన్నికకి ఇదే లెక్క తిరగేయండి. 1,500 ఓట్లు, 450 ఇళ్లు. ఇంటికి ఐదు నిమిషాలిస్తే 37 గంటల పైచిలుకు. సాయంత్రం నాలుగు గంటల చొప్పున పది రోజుల్లో అభ్యర్థి ప్రతి గడపా తనే ఎక్కగలడు. తూర్పుగాలి గారూ, మీరు చెప్పే కుర్రాళ్లకున్న అసలు అవకాశం ఇదే. పంచాయతీలో మైకు, ర్యాలీ, ఫ్లెక్సీ అనవసరం.

ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20లో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పని అక్కడ మొదలవ్వాలి. గత మూడు ఎన్నికలవి పక్కపక్కన పెట్టండి. ఒకే కేంద్రంలో అటూ ఇటూ ఊగినచోటే మీ సమయం ఖర్చుపెట్టాలి. తర్వాత ఓటర్ల జాబితా. ఇప్పుడు ఒక్కో కేంద్రానికి 1,200 ఓట్లు గరిష్ఠం, జాబితాలో పేజీకి 30 మంది దాకా ఉంటారు. ఉత్తరాదిలో బీజేపీ పేజీకి ఒక మనిషిని పెట్టి నడిపిస్తుంది. ఆ పద్ధతి ఏ పార్టీవాళ్లయినా వాడుకోవచ్చు. ఊరు తెలిసిన నలుగురు ఆడవాళ్లతో, ఒక టీచరుతో కూర్చుని ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి: మనవాళ్లు, కానివాళ్లు, ఊగేవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు, చనిపోయినవాళ్లు. పెన్సిలే ఎందుకంటే వారం వారం మారుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, కార్యకర్త నాయకుణ్ణి సంతోషపెట్టడానికి ఊగేవాళ్లందర్నీ "మనవాళ్లే" అని రాసేస్తాడు. అందుకని ఒకే పేజీని ఒకరికొకరు తెలియకుండా ఇద్దరికివ్వండి. రెండూ కలవని పేర్లే అసలు ఊగేవాళ్లు. హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు పోలింగ్ వారంలో కాకుండా రెండు నెలల ముందే రాసుకోవాలి. 18 నిండినవాళ్లకి ఫారం 6, చిరునామా మారితే ఫారం 8. ఈ పని చేసిపెట్టినవాడికి ఆ ఇంటి మొదటి ఓటు పడే అవకాశం ఎక్కువ.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పంచడం చట్టప్రకారం నేరం. అది పక్కన పెట్టినా, రెండు వైపులా పంచినచోట ఒకరి డబ్బుని ఇంకొకరి డబ్బు కొట్టేస్తుంది. పైగా మధ్యవాడు కొంత మింగేస్తే "మా వీధికి రాలేదు" అన్న కోపం అభ్యర్థి మీదకే మళ్లుతుంది. డీసీఎం వ్యాన్లు పెట్టి బిర్యానీ పొట్లాలతో తోలుకొచ్చిన జనాన్ని చూసి గెలుపు ఖాయమనుకున్నవాళ్లు ఎంతమందో.

తూర్పుగాలి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. 8 సెకన్ల లెక్క చూశాక బుర్ర తిరిగింది. రెండు అనుమానాలు మిగిలాయి. ఇంత పట్టున్న నాయకులే ఒక్కోసారి ఘోరంగా ఓడిపోతారెందుకు? రెండు, వందల పేర్లు గుర్తుపెట్టుకోవడం నిజంగా సాధ్యమా, అదన్నా పుట్టుకతో రావాల్సిందేనా?

కృష్ణలంక

మొదటిదానికి నేను చెబుతాను. అంతటి ఎన్టీఆరే 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు, హిందూపురం నిలబెట్టింది. చంద్రబాబు తొమ్మిదేళ్లకి 2004లో 47 సీట్లకి పడిపోయారు, మళ్లీ 2019లో 23కి. కేసీఆర్‌కి 2018లో 88 వస్తే 2023లో 39. జగన్‌కి 151 నుంచి 11. పార్టీలు వేరు, మనుషులు వేరు, కానీ జరిగే క్రమంలో ఒక పోలిక ఉంది. అధికారం రాగానే చుట్టూ భద్రత, అధికారులు, నివేదికలు చేరతాయి. నడిచేటప్పుడు వినపడిన ఆ "రెండో ప్రశ్న" జవాబు ఇక వినపడదు. నివేదికలో 90 శాతం సంతృప్తి అని ఉంటుంది, అధికారి ఎదుట అడిగితే ఏ లబ్ధిదారైనా బాగుందనే అంటాడు మరి.

ఇంకోటి ఏంటంటే మధ్యలో ఉండే మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు నుంచి 50 ఇళ్లకో వాలంటీరు వచ్చారు. పింఛను గడప దగ్గరికే వచ్చింది, అది మంచిదే, ముసలివాళ్లకి తిప్పట తప్పింది. కానీ అంతకుముందు ఆ పింఛను కోసం తిరిగి సంతకం పెట్టించే ఊరి కార్యకర్తకి జనంతో ఉన్న ముడి తెగిపోయింది. ఎన్నికలొచ్చేసరికి ఇంటింటికీ వెళ్లి "నా మాట విని వెయ్యమ్మా" అనగలిగే చనువు ఎవరికీ మిగల్లేదు. ఇది నా విశ్లేషణ, కాదనేవాళ్లు ఉండొచ్చు.

ఫారం ఇరవై

నేను కొంత కాదంటాను. 11 సీట్లు చూసి జనం పూర్తిగా వదిలేశారనుకోవడం పొరపాటు. 2024లో జగన్ పార్టీకి 40 శాతం దగ్గర ఓట్లు పడ్డాయి. 2019లో విడివిడిగా ఉన్న ప్రత్యర్థులు ముగ్గురూ ఒక్కటవడంతో ఆ 40 శాతం సీట్లుగా మారలేదు. చిరంజీవి 16 శాతం గురించి మీరు చెప్పిన సూత్రమే ఇది, కృష్ణలంక గారూ. నాయకుడి పట్టు తగ్గిందా లేదా అన్నది సీట్లలో చూడకండి, ఓట్ల శాతంలో, అదీ కేంద్రాలవారీగా చూడండి. వాలంటీర్ల సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

ఎర్రనేల

పేర్ల సంగతికి నేను చెప్తా. కొందరికి జ్ఞాపకశక్తి పుట్టుకతోనే ఉంటుంది, కాదనను. మిగతావాళ్లు పుస్తకంతో నెగ్గుకురావచ్చు.

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి పెట్టుకోవాల. ఇల్లు దిగినాక వీధి మలుపులో నిలబడి రాసుకునేది, వాళ్ల ముందర కాదు. ఇంటికి ఒకే వరస: ఇంటిపేరు, పెద్దామె పేరు, బయట చదివే పిల్లల పేరు, ఆ రోజు వాళ్లు చెప్పిన ఒకే ఒక్క సంగతి. "బర్రె ఈనబోతుంది", "అల్లుడు కువైట్‌లో, వీసా అయిపోతుంది", "మోకాలు ఆపరేషన్, అనంతపురం" ఇట్ల. రెండోసారి పోయినప్పుడు మోకాలు ఎట్లుందని అడిగితే చాలు, పేరు తడబడినా వాళ్లు పట్టించుకోరు. పేరు మాత్రం గుర్తుండి సంగతి మరిచిపోతేనే కష్టం.

రోజుకు 40 ఇళ్లు దాటితే ఏదీ గుర్తుండదు, ఆపేసేది మేలు. రాత్రి పడుకునే ముందు ఆ 40 వరసలు ఒకసారి చదవాల, వారానికి మళ్లీ ఒకసారి. పక్కన ఊరోడు ఒకడు చెవిలో పేర్లు చెప్తుంటే నమ్ముకోవద్దు. వానికి పడని ఇంటి దగ్గరికొచ్చేసరికి "అది మనది కాదులే అన్నా" అని దాటించేస్తాడు. ఆ ఇంట్లోనే ఆరు ఓట్లుంటాయి.

పుస్తకంలో చివరి పది పేజీలు వేరే పెట్టుకో. ఎడమ పక్క చేస్తానన్న పని, తేదీ. కుడి పక్క అయిన తేదీ. కాని పనికి కూడా పోయి చెప్పాల, "అమ్మా, ఎమ్మార్వో ఇందుకని కుదరదన్నాడు, ఇంకో దారి చూస్తున్నా" అని. ఆ మాట చెప్పే ధైర్యం లేకనే చాలామంది ఆ వీధి మొహమే చూడరు, అయిదేళ్లు.